ప్రజా విధాన పరిశోధనలో పాశ్చాత్యేతర దృష్టి అంటే ఏమిటి? గోదావరి డెల్టా నుంచి ఉదాహరణ చెప్పగలరా?

పాశ్చాత్య సిద్ధాంతాలూ చదవాల్సిందే, కానీ ప్రశ్నలు మన పొలం గట్టు దగ్గర పుట్టాలి. కోనసీమలో కౌలు చాలావరకు నోటిమాటే. ఎకరానికి ఇన్ని బస్తాలని ఖాయం చేసుకుంటారు, కాగితం ఉండదు. ‘లీజు పత్రం ఉందా?’ అని మొదలయ్యే సర్వేలో ఆ రైతు అసలు కనిపించడు. 2011లో కౌలుదారులకు రుణ అర్హత కార్డులిచ్చే చట్టం వచ్చింది. రాతలో పడితే భూమి చేజారుతుందేమోనన్న యజమాని భయం మాత్రం పోలేదు.

అదే ఏడాది కోనసీమ రైతులు సార్వా వేయకుండా క్రాప్ హాలిడే ప్రకటించారు. పెట్టుబడి పెరిగింది, ధర రాలేదు, మురుగు కాలువలు పూడి చేలు మునుగుతున్నాయన్నారు. దాన్ని ఒట్టి నిరసనగా రాసుకుంటే సగమే విన్నట్టు. నా దృష్టిలో అది లెక్క తెలిసినవాళ్లు చేసిన విధాన విశ్లేషణ. ప్రశ్నావళి రాయకముందే వాళ్లతో, ముఖ్యంగా నాట్లేసే ఆడకూలీలతో కూర్చోవాలి.