చేప పడకపోయినా పడవ మనిషి చేతిలో పెట్టాల్సిందే

ప్రశ్న: "వచ్చే నెల అండమాన్‌లో గైడుతో చేపల వేటకు బుక్ చేసుకున్నాం. గైడుకి విడిగా టిప్పు ఇవ్వాలా? ఎంత? ఒక్క చేప కూడా పడకపోతే ఇవ్వకుండా వచ్చేయొచ్చా?"

మీ ప్రశ్నలో చివరి ముక్కకి ముందు జవాబు చెప్తా. వచ్చేయొద్దు. చేప పడని రోజే ఇంకో నోటు ఎక్కువ పెట్టాల. ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, నేను ఒకసారి చిల్లర చేతిలో పెట్టి వచ్చేయబోయినా. అది ఇప్పటికీ నన్ను వదలలేదు.

మాది తిరుపతి. పాత చిత్తూరు జిల్లా వాళ్ళకి సముద్రం అనేదే లేదు. చిన్నప్పుడు మాకు చేపల వేట అంటే ఊరి చెరువు, వెదురు కట్టె, నెమలి ఈకతో బెండు, డబ్బాలో తడిమట్టిలో ఎర్రలు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు సూళ్ళూరుపేట, వాకాడు వైపు మండలాలు తిరుపతి జిల్లాలో కలిసినాయి. అట్లా మాకూ ఒక సముద్రం వచ్చింది. అయినా మా వీధిలో సగం మందికి అది ఇంకా నెల్లూరోళ్ళ సముద్రమే.

మా చెల్లెలి కొడుకు హ్యూస్టన్‌లో ఉద్యోగం. వాడికి చేపల పిచ్చి. గాల్వెస్టన్ తీరానికి పోయి చార్టర్ బోటు, అంటే గైడుతో సహా అద్దెకిచ్చే బోటు, ఎక్కుతాడంట. రెండేళ్ళ కింద సంక్రాంతికి వచ్చినప్పుడు సూట్‌కేసులో మడిచి పెట్టుకునే గాలం కర్ర, ప్లాస్టిక్ చేపపిల్లల ఎరలు అన్నీ తెచ్చుకున్నాడు. "మామా, ఇక్కడ సముద్రంలో ఒక్కసారి పట్టాల" అన్నాడు. తెలిసినోళ్ళ ద్వారా ఒక మనిషిని పట్టుకున్నా. ఆయన పడవ మాట్లాడి పెట్టే మధ్యవర్తి. ఆరువేలు, పడవ, మనుషులు, పెట్రోలు అన్నీ కలిపే అన్నాడు. నేను బేరమాడకుండా ఇచ్చేసినా.

కనుమ దాటిన రెండోరోజు, రాత్రి రెండింటికి బయల్దేరినాం. శ్రీకాళహస్తి దాటి నాయుడుపేటలో టీ తాగి, వాకాడు దాటినాక ఒక పట్టపుపాళెం, అంటే చేపలు పట్టేవాళ్ళ పల్లె, చేరేసరికి ఇంకా చీకటే. ఫైబర్ పడవ ఇసకలో ఉంది. యాభై దాటిన పెద్దాయన, ఆయన కొడుకు, నీళ్ళు తోడే పదిహేడేళ్ళ కుర్రోడు. ముగ్గురూ మమ్మల్ని కూర్చోబెట్టి పడవని తోసినారు. అల విరిగే చోట ఆ పెద్దాయన ఇంజిన్ ఆపి, ఒక అల, రెండో అల, మూడో అల లెక్కపెట్టి, నాలుగోది లేవక ముందే దాటించినాడు. నేను పడవ పట్టె పట్టుకున్న చేతులు తెల్లగా అయిపోయినాయి.

లోపలికి పోయినాక ఆయన చేసిన పని నేను మర్చిపోలేను. ఒడ్డున సరుగుడు తోపు కొసని, దాని వెనక ఉన్న ఒక టవరుని కంటితో ఒకే గీతలోకి తెచ్చుకున్నాడు. ఇంకో పక్క ఇంకో రెండు గుర్తులు. ఆ రెండు గీతలూ కలిసిన చోట లంగరు వేయమన్నాడు. అడుగున రాయి ఉండాది, చేప అక్కడ ఆగుతాది అన్నాడు. మా వాడు ఫోన్‌లో మ్యాపు తెరిచి చూస్తున్నాడు. పెద్దాయన దగ్గర ఫోన్ కూడా లేదు.

మా అదృష్టం బాగాలేదు. గాలి తిరిగింది, నీళ్ళు కలకబారినాయి. మొదటి గంటలోనే మా వాడికి వాంతులు. పెద్దాయన తన తుండుగుడ్డ సముద్రంలో ముంచి పిండి వాడి మెడమీద వేసి, "అబ్బయ్యా, కిందికి చూడొద్దు, దూరంగా గీత ఉండాదే, ఆడ చూడు" అని వీపు నిమురుతా కూర్చున్నాడు. కొంచెం తేరుకుని మా వాడు గాలం విసిరినాడో లేదో, దారం పోయి ఇంజిన్ రెక్కలకి చుట్టుకుంది. అది నైలాన్ కాదు, అమెరికా నుంచి తెచ్చిన అల్లిన దారం. ఎంత లాగినా తెగదు. పడవ అల మీద పక్కకి తిరగడం మొదలుపెట్టింది. పెద్దాయన ఒక్క మాట అనలేదు. చిన్న కత్తి మొలతాడుకి దోపుకుని నీళ్ళలోకి దిగినాడు. జనవరి తెల్లవారుజాము చలి. పది నిమిషాలు పైగా మునుగుతా తేలతా ఒక్కొక్క చుట్టు కోసి తీసినాడు. పైకి వచ్చినాక, ఆ ఎరని కూడా పోగొట్టకుండా మా వాడి చేతిలో పెట్టినాడు.

పదకొండున్నరకి ఒడ్డుకి వచ్చినాం. పడినవి నాలుగు కానాగంతలు, ఒక చిన్న పార చేప. ఆ పార కూడా మా వాడు వదిలేసినాడు.

ఇప్పుడు నా తప్పు. పడవ దిగి నేను రెండు వందలు తీసి పెద్దాయన కొడుక్కి ఇయ్యబోయినా. మనసులో లెక్క ఏందంటే, ఆరువేలు అయింది, చేపల్లేవు, ఇది చాలు. అదే సమయానికి పక్కనే వేరే పడవలు వచ్చి ఆగినాయి. వలలు విదిలిస్తా ఉంటే కానాగంతలు ఇసకలో కుప్పలు. ఆడోళ్ళు చుట్టూ చేరి వేలం పాట పాడతా ఉన్నారు, గంపలు నిండతా ఉన్నాయి. ఆ ఒడ్డు మీద ఖాళీగా ఉన్న పడవ ఒక్కటే, మేం దిగింది. ఆ కొడుకు మామూలుగా, ఎవరి మీదా కోపం లేకుండా, "మా వల ఇంట్లో ఉండాది సార్, మీరొస్తారని ఈ రోజు ఎత్తుకోలేదు" అన్నాడు. మధ్యవర్తి ఎంత ఇచ్చినాడని మా వాడు అడిగినాడు. రెండున్నర వేలంట. పెట్రోలు అందులోనే.

మా వాడు నా వైపు చూసినాడు. నేను ఆ రెండు వందలు జేబులో పెట్టేసుకున్నా, సిగ్గుతో. వాడు రెండువేలు తీసి పెద్దాయనకి రెండు చేతుల్తో ఇచ్చినాడు. నేను ఇంకో వెయ్యి కలిపినా. పెద్దాయన ఏం చేసినాడో చూడండి. అక్కడే, మా ముందరే, ఆ మూడువేలని నాలుగు పాళ్ళు చేసినాడు. పడవ వాళ్ళ అన్నదంట, దానికో పాలు. తనకో పాలు, కొడుక్కో పాలు, నీళ్ళు తోడిన కుర్రోడికో పాలు. ఏడువందల యాభై, అందరికీ ఒకటే. చేపలు అమ్మితే వచ్చిన డబ్బు ఎట్లా పంచుకుంటారో అట్లాగే.

అప్పుడు నాకు అర్థమయింది మనం టిప్పు గురించి అడిగే ప్రశ్నే తలకిందులుగా ఉందని. చేప పడిందా లేదా అని మనం చూస్తాం. ఆయన దృష్టిలో ఆ రోజు వేట మేమే.

తిరిగి వచ్చేటప్పుడు కారులో మా వాడు అమెరికా పద్ధతి చెప్పినాడు. అక్కడ గైడు ట్రిప్పు అయితే ట్రిప్పు ధరలో 15 నుంచి 20 శాతం టిప్పు ఇస్తారు. ఒడ్డుకి వచ్చి చేపలు శుభ్రం చేసే చోట నగదుగా ఇస్తారు. చేప పడకపోయినా ఇస్తారు, పడవలో చేయి సాయం చేసే కుర్రాళ్ళు చాలామంది దాని మీదే బతుకుతారు. పడవ గైడు సొంతమైతే ఇవ్వాలా అక్కర్లేదా అని అక్కడ కూడా వాదించుకుంటారంట. పద్ధతి మంచిదే. కానీ ఆ శాతం లెక్క ఇక్కడికి తెచ్చి పెట్టొద్దు. మేం ఇచ్చిన ఆరువేలల్లో 20 శాతం అంటే పన్నెండు వందలు. ఆయనకి అందిన రెండున్నర వేలల్లో అయితే ఐదు వందలు. ఏది సరైన లెక్క? రెండూ కాదు. అక్కడ ట్రిప్పు ధరే వందల డాలర్లు, అందులో శాతం అంటే డబ్బే. ఇక్కడ ధర మనిషి శ్రమకి తగ్గట్టు లేదు, మధ్యలో ఎవరు ఎంత తింటారో మనకి తెలీదు. నా లెక్క ఒకటే: పడవలో ఉన్న ఒక్కొక్క మనిషికి ఆ ఊరి ఒకరోజు కూలి. దానికి తక్కువ ఇస్తే అది టిప్పు కాదు, చిల్లర.

ఒకరోజు కూలి ఎక్కువ అనిపిస్తే వాళ్ళ సంవత్సరం చూడండి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మోటారు పడవల వేట నిషేధం, చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి. అది న్యాయమే. తర్వాత తుఫాను హెచ్చరికలు. మా వైపైతే ఇంకోటి, శ్రీహరికోటలో రాకెట్టు పోయే రోజు ఆ చుట్టుపక్కల సముద్రంలోకి పోకూడదు. మనం మిద్దెల మీద నిలబడి రాకెట్టు చూసి చప్పట్లు కొడతాం. ఆ రోజు వాళ్ళ పడవలు ఇసకలో ఉంటాయి. ఇన్ని పోగా మిగిలిన రోజుల్లో ఒకటి మనకి ఇస్తున్నారు.

తిరుపతిలో పుట్టి పెరిగినోడిని, చేయి చాపితే నాకూ ఒళ్ళు మండుతుంది. కొండ మీద కళ్యాణకట్టలో తలనీలాలు ఉచితం, ఎవరికీ డబ్బులు ఇయ్యొద్దు అనేది నియమం. నాకు ఆ నియమం చాలా ఇష్టం. అక్కడ పని అప్పజెప్పిన సంస్థ ఉంది. పడవ మనిషి వెనక ఎవరున్నారు? ఇంకోటి, పెద్ద హోటళ్ళలో బిల్లులో సర్వీస్ చార్జి అని పదిశాతం కలిపేస్తే మనోళ్ళు నోరెత్తకుండా కట్టేస్తారు. అది తప్పనిసరి కాదని, బిల్లులో దానంతటదే కలపకూడదని 2022 జూలైలోనే వినియోగదారుల రక్షణ అథారిటీ చెప్పింది. ఎవరు అడుగుతారు? ఏసీ గదిలో నీళ్ళ గ్లాసు పెట్టినందుకు కట్టే మనిషే, చలిలో సముద్రంలోకి దిగినోడి దగ్గర చేప పడలేదని లెక్కలు తీస్తాడు. నేనూ అదే చేసినా కాబట్టే చెప్తున్నా.

చేపకీ టిప్పుకీ ముడిపెట్టకూడదని ఇంకో చోట కూడా చూడొచ్చు. కర్ణాటకలో కావేరి మీద భీమేశ్వరి చుట్టుపక్కల ఒకప్పుడు మహాశీర్ చేపల కోసం క్యాంపులు ఉండేవి. 1946లో కావేరి ఉపనది కబినిలో 120 పౌండ్ల మహాశీర్ పడింది, అంటే 54 కిలోలు. ఆ చేపకి ఎర ఏందో తెలుసా? రాగి ముద్ద! మనం వేరుశనగ చట్నీతో తినే సంకటే, కొంచెం గట్టిగా ఉండలు చేసి గాలానికి పెట్టేవాళ్ళు. పుట్టిలో కూర్చోబెట్టి తిప్పే గైడుల్లో చాలామంది అంతకు ముందు తోటాలు పేల్చి, వలలేసి దొంగతనంగా చేపలు చంపినోళ్ళే. క్యాంపుల్లో జీతం, వచ్చినోళ్ళు ఇచ్చే డబ్బు చూసినాక వాళ్ళే కాపలాదార్లు అయినారు. పట్టిన చేపని తూచి, ఫోటో తీసి, మళ్ళీ నీళ్ళలో వదిలేవాళ్ళు. ఇంటికి ఒక్క చేప రాని వేట అది. మరి అక్కడ టిప్పు దేనికి ఇచ్చినట్టు? తర్వాత వన్యప్రాణి చట్టం కింద అభయారణ్యంలో ఆ వేట ఆగిపోయింది. మూపు ఉండే ఆ కావేరి మహాశీర్ ఇప్పుడు అంతరించిపోయే అంచున ఉంది. గైడుల చేతిలో నాలుగు డబ్బులు ఆడినన్నాళ్ళు ఆ చేపకి కాపలా ఉండిందనేది నా నమ్మకం.

అండమాన్ విషయానికొస్తే, అక్కడ పెద్ద పార చేపల కోసం దేశదేశాల నుంచి వస్తారు, బోట్లూ ఖరీదే. బుక్ చేసేటప్పుడే అడగండి, పడవలో ఎంతమంది ఉంటారు, గైడు జీతం మీద ఉన్నాడా, రోజు కూలీనా అని. అడిగితే తప్పేం లేదు. ఇచ్చేది ఆఫీసులో డబ్బాలో వేయొద్దు. నేను పోయిన ఒక రిసార్టులో అట్లాంటి డబ్బా ఉండేది, అందులోది ఎప్పుడూ మా దాకా రాలేదని పడవ నడిపే అబ్బాయి నాతో అన్నాడు. పడవ దిగినాక, మిగతా వాళ్ళందరూ చూస్తుండగా, పెద్దవాడి చేతిలో పెట్టండి. పంచడం వాళ్ళకి మనకంటే బాగా తెలుసు. మిగిలిపోయిన మందు సీసా చేతిలో పెట్టి అదే టిప్పు అనుకునేవాళ్ళని చూసినా. దయచేసి ఆ పని చేయొద్దు, అది ఇంటికి చేరే డబ్బు కాదు. ఫోన్‌పే చేస్తా అనొద్దు, ఒడ్డున సిగ్నల్ ఉంటుందో లేదో, ఉన్నా ఆ నంబరు ఎవరిదో తెలీదు. ఐదు వందల నోట్లు నాలుగైదు విడిగా ఒక ప్లాస్టిక్ కవర్లో చుట్టి చొక్కా లోపలి జేబులో పెట్టుకోండి. ఆ రోజు మా వాడిచ్చిన నోట్లు తడిసి ఒకదానికొకటి అతుక్కుపోయినాయి. పెద్దాయన పాళ్ళు వేసే ముందు వాటిని ఒక్కొక్కటి విడదీసి పడవ అంచు మీద ఆరబెట్టాల్సి వచ్చింది.