నేపాల్ గీత ఎందుకు ఎగిరింది?

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీ ప్రాజెక్టు కోసం ఇరుగుపొరుగు దేశాల్లో ఆడవాళ్ల నిరుద్యోగ రేట్లతో గ్రాఫ్ గీసింది. నేపాల్‌లో 2008లో 2 శాతం దగ్గరున్నది 2017-18కి 13.1 అయింది. మన దేశంలో 2017-18లో 5.6 ఉన్నది 2023-24కి 3.2కి దిగింది. అక్కడ దిగజారి, ఇక్కడ బాగుపడిందని రాయవచ్చా?
– ఒక పాఠకురాలు, నిజామాబాద్

జవాబు: అలా మాత్రం రాయనివ్వకండమ్మా. ముందు నేపాల్ సంగతి చూద్దాం. 2008 సర్వేలో తన ఇంటి తిండికి మొక్కజొన్న పండించుకునే మహిళ కూడా 'పనిలో ఉన్నట్టే'. అందుకే ఆడవాళ్లలో 80 శాతం శ్రామిక శక్తి (పనిలో ఉన్నవాళ్లు, పని వెతుక్కుంటున్నవాళ్లు కలిపి) కింద లెక్కకొచ్చారు. 2013లో అంతర్జాతీయంగా నిర్వచనం మారింది. జీతానికో, లాభానికో చేసేదే ఉద్యోగం, సొంత వాడకానికి పండించుకుంటే కాదు అన్నారు. నేపాల్ 2017-18లో ఆ కొత్త కొలత పట్టుకుంది. దాంతో 80 కాస్తా 26.3కి పడిపోయింది. నిరుద్యోగ రేటును భాగించేది ఆ శ్రామిక శక్తితోనే కదా! కింది అంకె చిక్కిపోయేసరికి రేటు ఎగిరింది. ఆమె మాత్రం అదే చేలో ఉంది.

మన సర్వేలో అలా పండించుకునే మహిళ ఇప్పటికీ పనిలో ఉన్నట్టే లెక్క. భర్త కిరాణా కొట్లోనో, పొలంలోనో పైసా జీతం లేకుండా చేసే ఆమె కూడా అంతే. పనిలో ఉన్నారని చెప్పే ఆడవాళ్లలో మూడో వంతుకు పైగా ఇలాంటి జీతం లేని సహాయకులే. మన ఆడవాళ్లలో శ్రామిక శక్తిలో ఉన్నవాళ్ల శాతం, అంటే భాగస్వామ్య రేటు, 2017-18లో 23.3గా ఉన్నది 2023-24కి 41.7కి పెరిగిందని సంబరపడే ముందు ఇది చూడాలి. పట్టణాల్లో ఆడవాళ్ల నిరుద్యోగం 2023-24లో కూడా 7.1.

నేను చాలా ఏళ్లు ఇంటింటి సర్వేల్లో పనిచేశాను. మీ జిల్లాలోనే ఒకామె ఒళ్లో చాట పెట్టుకుని తునికాకు కత్తిరిస్తూ, "ఏం పని లేదు సార్, ఇంట్లనే ఉంటా" అంది. రోజుకు ఎన్ని బీడీలు చేస్తావమ్మా అని అడిగాకే అసలు లెక్క బయటికొచ్చింది. ఆ రెండో ప్రశ్న అడగకపోతే ఆమె నిరుద్యోగి కూడా కాదు, అసలు లెక్కలోనే ఉండదు. పని వెతుక్కుంటున్నవాళ్లే నిరుద్యోగులు మరి.

శ్రీలంకది ఇంకో కథ. 1990ల మొదట్లో ఆడవాళ్ల నిరుద్యోగం 20 శాతం పైనే. తర్వాత బాగా తగ్గినా, మగవాళ్ల రేటుకు రెట్టింపు దగ్గరే ఆడుతోంది. చదువుకున్న అమ్మాయిలు ప్రభుత్వ ఉద్యోగం కోసం ఎదురుచూడగలగడం ఇందుకో కారణం. చదువు లేని పేదరాలికి ఖాళీగా కూర్చునే స్తోమత ఎక్కడిది? దొరికిన కూలికి పోతుంది, నిరుద్యోగి కాకుండా పోతుంది.

అమ్మాయిని నేపాల్ గీతను 2008 దగ్గరే తెంచేసి, 2017-18 నుంచి వేరే రంగులో మొదలుపెట్టమనండి. దేశాలను పక్కపక్కన పెట్టాలంటే ఐఎల్‌ఓ (అంతర్జాతీయ కార్మిక సంస్థ) ఒకే కొలతకు సర్దిన అంచనాలు ప్రపంచ బ్యాంకు సైట్‌లో దొరుకుతాయి, అవి వాడమనండి. ప్రతి గ్రాఫ్ కింద భాగస్వామ్య రేటు, మన దేశానికైతే జీతం లేని సహాయకుల వాటా కూడా వేయాలి. మార్కుల టెన్షన్ పెట్టుకోవద్దని చెప్పండి. గీత ఎందుకు తెగిందో ఒక పేజీ వివరంగా రాస్తే ప్రాజెక్టుకు అదే బలం.