సెల్లో టేపు పక్కన పెట్టండి, ముందు పుస్తకం చూద్దాం

ప్రశ్న: సార్, మాది రాయచోటి. మా మామ డెబ్బైల్లో కువైట్‌లో పని చేసి వచ్చేటప్పుడు ఇంగ్లీషు కామిక్స్ తెచ్చినాడు, ట్రంకు పెట్టెలో సగం అవే, మిగతా సగం మా నాయన దాచుకున్న చందమామలు. మొన్న మిద్దె మీద రూము ఖాళీ చేస్తా ఉంటే పెట్టె బయటపడింది. అందులో హల్క్ 181 అని ఒకటుంది, నెట్‌లో దాని రేటు చూసినప్పటి నుంచి ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. అట్ట కొంచెం చినిగింది, పిన్నులు తుప్పు పట్టినాయి. టేపు వేసి, ఇస్త్రీ పెట్టె తిప్పి, అమెరికాకి గ్రేడింగ్‌కి పంపుదామంటాడు మా బావమరిది. చందమామలు కూడా పంపాల్నా?

జవాబు: తమ్ముడూ, ముందు ఆ టేపూ ఇస్త్రీ పెట్టే మీ బావమరిది చేతిలోంచి లాక్కో, మిగతాది తర్వాత మాట్లాడుకుందాం. చినుగు చినుగులాగే ఉంటే గ్రేడులో, అంటే పుస్తకం ఎంత బాగుందో చూసి వేసే మార్కులో, కొంత పోతుంది, అంతే. టేపు వేస్తే దాని జిగురు కొన్నేళ్లకి పసుపెక్కి కాగితంలోకి దిగుతుంది, పీకితే రంగుతో సహా ఊడొస్తుంది. ఇంక స్కెచ్ పెన్నుతో రంగు పూసినా, జిగురు పెట్టి అతికించినా దాన్ని రిపేరు చేసిన పుస్తకం కింద లెక్కేసి వేరే లేబుల్ వేస్తారు, కలెక్టర్లు ఆ లేబుల్ చూస్తేనే రేటు దించేస్తారు. ప్రెస్సింగ్ అని ఒక పని ఉన్న మాట నిజమే, వేడి, తేమ కొలతగా ఇచ్చి అట్ట మీది సొట్టలు తీస్తారు, దాన్ని గ్రేడింగ్ వాళ్లు తప్పు పట్టరు కూడా. కానీ అది చెయ్యి తిరిగిన వాళ్ల పని, మనం చొక్కాలకి వాడే పెట్టెతో చేస్తే అట్ట మెరుపు పోయి, పిన్నుల అచ్చు పడి కూర్చుంటుంది.

ఇప్పుడు అసలు పుస్తకం. హల్క్ 181 అంటే మార్వెల్ కంపెనీ హల్క్ కామిక్‌లో 181వది, 1974 నవంబరు సంచిక, వుల్వరిన్ అనే హీరో పూర్తిగా కనిపించిన మొదటి కథ, అందుకే ఆ రేటు. అట్ట మీద 25 సెంట్లని ఉండాల. లోపల సన్నక్షరాల్లో ఉండే ప్రచురణ వివరాలు కూడా చూడు, ఎందుకంటే పాత యాడ్స్‌తో సహా అచ్చం అట్లే మళ్లీ అచ్చేసిన కొత్త కాపీలు కూడా మార్కెట్లో ఉన్నాయి. అవన్నీ సరిపోతే మెల్లగా పేజీలు తిప్పి ఉత్తరాల పేజీకి పో, అక్కడ మార్వెల్ వాల్యూ స్టాంప్ అని చిన్న బొమ్మ ఉంటుంది, కత్తిరించి వేరే స్టాంపుల పుస్తకంలో అంటించుకోమని పిల్లలకి ఆ కంపెనీవాళ్లే చెప్పినారు, పిల్లలు కత్తిరించేసినారు. ఆ స్టాంపు లేకపోతే బయట అట్ట ఎంత తళతళలాడినా గ్రేడు ఢమాల్. మీ మామ చిన్న చిన్న బొమ్మలు కత్తిరించే రకమా కాదా అనేది ఆ ఒక్క పేజీ చెప్పేస్తుంది.

స్టాంపు ఉంటే మాత్రం పంపడం దండగ కాదు. ఎక్కువ మంది వెళ్లేది సీజీసీ అనే గ్రేడింగ్ కంపెనీ దగ్గరికి, ఫ్లోరిడాలో సారసోటా అనే ఊర్లో ఉంది, 2000 నుంచి చేస్తున్నారు. వాళ్లు పేజీలు లెక్కబెట్టి, ఏమన్నా రిపేరు జరిగిందా చూసి, ఒకరికి మించి మనుషులు విడివిడిగా చూసి 0.5 నుంచి 10 దాకా ఒక నంబరు ఇస్తారు, కాగితం తెల్లగా ఉందా, మీగడ రంగుకి తిరిగిందా, పెళుసెక్కిందా అనేది కూడా లేబుల్ మీదే రాస్తారు. తర్వాత గట్టి ప్లాస్టిక్ డబ్బాలో సీల్ చేస్తారు. నీలం లేబుల్ మామూలుది, ఊదా అంటే రిపేరు జరిగింది, ఆకుపచ్చ అంటే ఏదో పెద్ద లోపం ఉంది, ఇట్లా. చినుగూ తుప్పూ ఉన్నాయంటున్నావు కాబట్టి 9 పైన ఆశ పెట్టుకోవద్దు, అయినా ఈ సంచికకి నాలుగు, ఐదు వచ్చినా గిరాకీ ఉంది. ఫీజు పుస్తకం విలువని బట్టి మారుతుంది, రానూపోనూ కొరియర్, ఇన్సూరెన్స్ వేరే, ముందు లెక్క వేసుకో. మన పుస్తకమే పోయి మనకే తిరిగొస్తోందని చూపించే కాగితాలు పంపేరోజే సిద్ధం చేసుకో, లేకపోతే తిరిగొచ్చేటప్పుడు కస్టమ్స్ దగ్గర జుట్టు పీక్కోవాల. ప్రతి పేజీ ఫోటో తీసి పెట్టుకో, ఒకసారి డబ్బాలో పడినాక తెరిచి చదవడం కుదరదు, తెరిస్తే ఆ నంబరు చెల్లదు.

చందమామల్ని మాత్రం పంపొద్దు, ఇది నా మాట. 1947 జూలైలో మొదలైన పత్రిక, తొలి ఏళ్ల సంచికలు దొరకడం కష్టమే, కొనేవాళ్లూ ఉన్నారు. కానీ మన దగ్గర కొనేవాడు చేతిలోకి తీసుకుని పేజీలన్నీ ఉన్నాయా, వపా (వడ్డాది పాపయ్య) గారి అట్ట బొమ్మ రంగు నిలిచిందా, లోపల చిత్రా, శంకర్ అనే చిత్రకారులు వేసిన బొమ్మల మీద పిల్లోళ్లు మీసాలు గీసినారా అని చూస్తాడు గానీ నంబరు అడగడు. పైగా మీ నాయన గారిది చదువుకునే సొత్తు, డబ్బాలో బంధించి ఏం చేస్తావు? ఏడాదివి కలిపి కాలికో గుడ్డ బైండు చేయించి ఉంటే అంచులు కోసేసి, దారం కుట్టి ఉంటారు, దాన్ని ఊడదీసి విడి సంచికలు చేద్దామని మాత్రం చూడొద్దు, ఉన్నదీ పోతుంది. ఇంట్లో ఎవరికీ అక్కర్లేదంటే కడప ఎర్రముక్కపల్లెలో బ్రౌన్ లైబ్రరీ ఉంది, తాటాకు గ్రంథాల దగ్గర్నుంచి పాత పుస్తకాలు ఉండే చోటు, ఒకసారి వెళ్లి అడుగు.

దాచడం సంగతి. న్యూస్‌ప్రింట్ కాగితంలో లిగ్నిన్ అనే కట్టె పదార్థం ఉంటుంది, వేడికీ వెలుతురుకీ దాన్నుంచి ఆమ్లం పుట్టి కాగితాన్ని లోపల్నుంచే పసుపు చేసి విరిచేస్తుంది. మన మిద్దె మీద రూము మే నెలలో ఎట్లుంటుందో నీకు చెప్పాల్నా? కింది ఇంట్లోకి దించు. గోడలో కడప బండ అరలు చల్లగా ఉంటాయని అందులో పెడతారు, వానాకాలం ఆ గోడ చెమ్మగిల్లుతుంది, కాబట్టి గోడకి ఆనించకుండా చెక్క బీరువాలోనో అట్టపెట్టెలోనో నిలబెట్టు. ఒక్కోదాన్ని ఒక్కో కవర్లో, వెనక యాసిడ్ లేని బోర్డు పెట్టి. మైలార్ అనే పాలిస్టర్ ప్లాస్టిక్ కవర్లు ఖరీదే గానీ ఎక్కువ కాలం ఆగుతాయి, హల్క్‌కి అవి, మిగతావాటికి పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్ కవర్లు చాలు, అవి కొన్నేళ్లకోసారి మార్చుకో. స్టేషనరీ షాపులో దొరికే వాసన కొట్టే మెత్తటి పీవీసీ కవర్లు వద్దు, లామినేషన్ అసలే వద్దు.

ప్రశ్న: నమస్కారం. మాది కర్నూలు పాతబస్తీ. 2009 అక్టోబరు వరదలో మా ఆయన కామిక్స్ పెట్టె మునిగింది. అప్పట్లో ఎండబెట్టి కట్టగట్టి పెట్టేసినాం. ఇప్పుడు తీస్తే పేజీలు అతుక్కుని, బురద పెళుసై ఉంది. ఏమన్నా దారి ఉందా?

జవాబు: అమ్మా, గోరుతో పేజీలు విడదీయొద్దు. నున్నటి మెరుపు కాగితం తడిసి అతుక్కుంటే దాదాపుగా రాదు, న్యూస్‌ప్రింట్ పేజీలకి మాత్రం ఆశ ఉంది. మూతికి మాస్కు కట్టుకుని, ఎండిన బురదని మెత్తటి బ్రష్షుతో బయటికి మాత్రమే దులపండి, తడి గుడ్డ పెట్టొద్దు. నల్లటి, పచ్చటి బూజు మచ్చలుంటే ఆ కట్ట వేరే పెట్టండి, పక్కవాటికి అంటుకుంటుంది. ఆయనకి బాగా ఇష్టమైన నాలుగైదు ఎంచుకోండి, బెంగళూరు చిత్రకళా పరిషత్‌లో ఇన్‌టాక్ అనే వారసత్వ సంపద కాపాడే సంస్థ వాళ్ల కన్జర్వేషన్ సెంటర్ ఉంది, వాళ్లకి ఫోటోలు పంపి అడగండి. పెట్టెడు బాగు చేయించాలంటే పుస్తకాల ధర కన్నా బాగు చేసే ధరే ఎక్కువవుతుంది. గ్రేడింగ్ మాట వీటికి మర్చిపోండి.

ప్రశ్న: అన్నా, అనంతపురం నుంచి. పాత కామిక్స్‌లో తెల్ల పురుగులు తిరగతాండాయి. కలరా ఉండలు వేయమంటారా, వేపాకా?

జవాబు: కలరా ఉండలు వద్దు, ఆ వాసన కాగితానికి పట్టి ఏళ్ల తరబడి వదలదు, పక్కనున్న ప్లాస్టిక్‌ని కూడా పాడు చేస్తుంది. పచ్చి వేపాకు పేజీల మధ్య పెడితే చెమ్మ, మచ్చ. పుస్తకాలు పొడిగా ఉన్నప్పుడు జిప్ కవర్లో గాలి తీసి మూసి డీప్ ఫ్రీజర్లో, మైనస్ 20 దగ్గర, వారం పైనే ఉంచు. బయటికి తీసినాక వెంటనే తెరవొద్దు, కవర్ బయట పట్టిన నీళ్లన్నీ ఆరి రూములో ఉండే మామూలు వేడికి వచ్చినాక, ఒకరోజు ఆగి తెరువు. ఆ లోపల బీరువా మూలల్లో దుమ్ము ఊడ్చి పెట్టుకో, లేకపోతే గుడ్లు అక్కడే ఉంటాయి.