హాట్ రాడ్ భాగాలు సొంతంగా చేసుకోవాలంటే ఏ వెల్డింగ్ యంత్రం కొనాలి?

1930 నాటి ఫోర్డ్ మోడల్ ఎ కూపేలో షెవర్లే చిన్న వీ8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజిన్ పెట్టి హాట్ రాడ్, అంటే బలమైన ఇంజిన్ పెట్టి మార్చిన పాత కారు, కట్టాలనుకుంటున్నానని, ఇంజిన్‌ను ఫ్రేముకు పట్టి ఉంచే మౌంట్లూ బ్రాకెట్లూ సొంతంగా చేసుకోవడానికి ఏ వెల్డింగ్ యంత్రం కొంటే మంచిదని మీరు అడిగారు. ముందు అట్టపెట్టెలు పోగు చేయండి. ఫ్రిజ్ వచ్చిన పెట్టె, టీవీ వచ్చిన పెట్టె, ఏదీ పారేయవద్దు. పదునైన చాకు, టేపు, లావుపాటి మార్కర్ దగ్గర పెట్టుకోండి. హాట్ రాడ్‌కు మనం చేసే ఏ భాగమైనా నిజానికి అట్టలోనే తయారవుతుంది. తరువాత ఇనుములో చేసేది దానికి నకలు. యంత్రం ఏది కొనాలన్నది ఆ తరువాతి సంగతి, అంత పెద్ద సంగతి కూడా కాదు.

నేను ఈ పని నేర్చుకున్నది కాలిఫోర్నియాలో, మా వీధి చివర ఉండే ఒక పెద్దాయన గ్యారేజీలో. విమానాల కర్మాగారంలో ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి. ఆయన కడుతున్నదీ మీలాంటి బండే. అందుకే మీకు కష్టం ఎక్కడ ఎదురవుతుందో నాకు బాగా తెలుసు. ఇంజిన్‌కు ఎడమ పక్కన, అమెరికా బండ్లలో స్టీరింగు ఉండే వైపు.

షెవర్లే చిన్న వీ8 1955లో వచ్చింది. తేలిక, చవక, భాగాలు ఎక్కడైనా దొరుకుతాయి కాబట్టి హాట్ రాడ్ వాళ్లు దాన్ని వదల్లేదు. కానీ అది వెడల్పాటి కార్ల కోసం పుట్టిన ఇంజిన్. సన్నటి మోడల్ ఎ ఫ్రేములోకి దించగానే ఇరుకు మొదలవుతుంది. స్టార్టరు, పెట్రోలు పంపు కుడివైపు ఉంటాయి కాబట్టి అటు పెద్దగా పేచీ లేదు. ఎడమవైపు మాత్రం ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (ఇంజిన్ పొగను బయటకు పంపే గొట్టాల గుత్తి), మౌంట్, స్టీరింగ్ బాక్సు, దాని షాఫ్టు, క్లచ్ లింకేజీ, బండి నేల కింద బ్రేక్ మాస్టర్ సిలిండర్, వెనక మూలన ఆయిల్ ఫిల్టర్ అన్నీ కలిసి జానెడు చోటు కోసం తోసుకుంటాయి. పైగా ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ ఇంజిన్ వెనక భాగంలో ఉంటుంది. ఫైర్‌వాల్‌ను, అంటే ఇంజిన్‌కూ డ్రైవరుకూ మధ్యనుండే రేకు గోడను, లోపలికి గూడులా చేస్తే తప్ప ఇంజిన్ వెనక్కి జరగదు, వెనక్కి జరగకపోతే ముందు రేడియేటర్‌కూ ఫ్యానుకూ చోటుండదు.

ఆ గ్యారేజీలో ఒక మేకుకు కేటలాగు చూసి తెప్పించిన మౌంట్ల జత వేలాడుతూ ఉండేది. మంచి ఇనుము, శుభ్రమైన వెల్డింగు. వాటిలో లోపమేమీ లేదు. కాకపోతే వాటిని చేసినవాళ్లు స్టీరింగ్ షాఫ్టు ఫలానా చోటు నుంచి పోతుందని అనుకొని చేశారు, ఈ బండిలో అది రెండు వేళ్లు పక్కకు పోతోంది. కేటలాగు భాగాల మీద నాకున్న ఫిర్యాదు ఇదే. బండి మొత్తం ఆ ఒక్క కేటలాగు నుంచే కొంటే అన్నీ అతుకుతాయి. స్టీరింగ్ ఒక చోటిది, ఇంజిన్ ఇంకో చోటిది, ఇరుసు మరో చోటిది అయితే మధ్యలో ఉండే ప్రతి బ్రాకెట్టూ మనమే చేసుకోవాలి. హాట్ రాడ్ అంటేనే అలాంటి బండి కదా!

మౌంటు పని మొదలుపెట్టిన రోజు ఆయన వెల్డింగ్ యంత్రం మీద కప్పిన గుడ్డ కూడా తీయలేదు. ముందు ఫ్రేమును స్టాండ్ల మీద పెట్టి, టైర్లు తొడిగి నేల మీద నిలబడ్డప్పుడు ఏ ఎత్తులో, ఏ వాలులో ఉంటుందో సరిగ్గా అలాగే కుదిర్చి రసమట్టంతో చూసుకున్నారు. తరువాత పిస్టన్లు, క్రాంక్‌షాఫ్టు లేని ఖాళీ బ్లాకును (ఇంజిన్ ఇనుప దిమ్మను) హాయిస్టుకు వేలాడదీసి లోపలికి దించారు. ఖాళీ బ్లాకే అయినా దానికి హెడ్లు, మానిఫోల్డ్లు, వాటర్ పంపు, గేర్‌బాక్సు బిగించి ఉన్నాయి. రేడియేటర్ కూడా దాని చోటులో ఉంది. బ్లాకుకూ ఫ్రేముకూ మధ్య నేను అట్ట పట్టుకున్నాను. ఆయన గీత గీయడం, నేను కోయడం, మళ్లీ పెట్టడం.

అట్ట కుదిరిందని నాకనిపించగానే ఆయన అన్నారు, "ఇప్పుడు ఆయిల్ ఫిల్టర్ బిగించు." బిగించాను. "విప్పు." విప్పబోతే ఫిల్టర్ అంచు అట్టకు తగిలి వంగింది. అంటే అక్కడ ఇనుము ఉండి ఉంటే ఆయిల్ మార్చిన ప్రతిసారీ మౌంటు విప్పాల్సి వచ్చేది. అట్టను అక్కడ లోపలికి కోశాం. "స్పార్క్ ప్లగ్గులు సాకెట్టు వేసి ఒక్కొక్కటే తియ్యి." వెనక ప్లగ్గు దగ్గర పానా పిడి తిరగలేదు. మళ్లీ కోశాం. "స్టీరింగు ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పు." "క్లచ్ పెడల్ పూర్తిగా తొక్కు." మానిఫోల్డ్ వేడెక్కుతుంది కాబట్టి బ్రేక్ గొట్టం దానికి ఎంత దూరంలో పోవాలో కూడా అప్పుడే తేల్చి, గొట్టం బదులు ఒక తీగ వంచి పెట్టారు. చీకటి పడేసరికి ఆ అట్ట నడుము సన్నగా, పైన వెడల్పుగా, ఏ పుస్తకంలోనూ కనిపించని ఆకారంలోకి వచ్చింది. కుడివైపు మౌంటు మామూలు త్రికోణంలా ఉంది. రెండూ ఒకదానికొకటి పోలికే లేదు. పోలిక ఉండాల్సిన అవసరమూ లేదు, ఎందుకంటే కుడివైపు ఇరుగుపొరుగు వేరు. భాగం ఆకారాన్ని నిర్ణయించేవి దాని పక్కనుండే భాగాలు. మీరు ఎంత బాగా వెల్డింగ్ చేసినా ఈ సంగతి మారదు.

ఆ అట్టను ముందు పలుచటి రేకులోకి, ఆ తరువాత 3/16 అంగుళం ఇనుప పలకలోకి ఎక్కించారు. రంధ్రాలన్నీ డ్రిల్లుతోనే వేశారు, గ్యాస్ మంటతో కాదు. లోపలి మూలలను గుండ్రంగా మలిచారు, ఎందుకంటే పగులు ఎప్పుడూ పదునైన మూల నుంచే మొదలవుతుంది. అన్నీ ముందు చిన్న వెల్డింగు చుక్కలతో తాత్కాలికంగా నిలబెట్టి, మళ్లీ ఫిల్టర్ బిగించి విప్పి చూసి, అప్పుడు గానీ పూర్తి అతుకు వేయలేదు. అది కూడా ఒక్కసారిగా కాకుండా ఈ పక్కన కొంత, ఆ పక్కన కొంత వేస్తూ పోయారు. ఒకే చోట వేడి పోగుపడితే ఫ్రేము వంకర పోతుంది.

ఇంజిన్ వాలు గురించి ఎవరూ సరిగా చెప్పరు కాబట్టి నేను చెబుతాను. ఇంజిన్ వెనక్కి దాదాపు 3 డిగ్రీలు వాలి ఉండాలి. కార్బురేటర్ కూర్చునే పీటను ఆ వాలుకు తగ్గట్టే పోత పోస్తారు. అలా వాలితేనే కార్బురేటర్ సమంగా నిలుస్తుంది. వెనక ఇరుసు పినియన్‌ను (డ్రైవ్ షాఫ్టు తగిలే పళ్ల చక్రాన్ని) కూడా దానికి సమాంతరంగా ఉండేలా అదే కోణంలో పైకి ఎత్తాలి. అప్పుడు డ్రైవ్ షాఫ్టు రెండు చివరల జాయింట్ల కోణాలు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. లేకపోతే వేగం పెరిగే కొద్దీ బండి వణుకుతుంది. ఆ వణుకుకు టైర్లను తిట్టి, బ్యాలెన్సింగుకు డబ్బులు పోసేవాళ్లను ఎంతమందిని చూశానో!

మౌంటులో రబ్బరు తప్పకుండా ఉండాలి. దాంతోపాటు ఆ రబ్బరు చిరిగినా రెండు ఇనుప భాగాలు విడిపోకుండా బోల్టు ఆ చివర నుంచి ఈ చివరకు దూరి పట్టుకొని ఉండాలి. యాక్సిలరేటర్ నొక్కినప్పుడు ఈ ఇంజిన్ ఎడమ పక్క పైకి లేస్తుంది. 1971 చివర్లో జనరల్ మోటార్స్ 60 లక్షలకు పైగా షెవర్లే వాహనాలను వెనక్కి పిలవాల్సి వచ్చింది ఇందుకే. రబ్బరు మౌంటు తెగితే ఇంజిన్ పైకి లేచి థ్రాటిల్‌ను (యాక్సిలరేటర్‌తో కదిలే కవాటాన్ని) లాగేది, డ్రైవరు కాలు తీసినా బండి ఆగేది కాదు. అంత పెద్ద కంపెనీ మౌంటుకే ఆ గతి పట్టిందంటే మన గ్యారేజీలో చేసే మౌంటు గురించి ఎంత ఆలోచించాలో చూడండి.

స్టీరింగ్ షాఫ్టు నేరుగా పోయే చోటు లేకపోతే జాయింట్లతో విరిచి తిప్పాలి. ఒక్కో జాయింటుకు 35 డిగ్రీలు దాటించవద్దు. మూడు జాయింట్లు వాడితే మధ్యలో షాఫ్టును పట్టుకునే బేరింగు తప్పనిసరి, దానికి మళ్లీ ఒక బ్రాకెట్టు, దానికి మళ్లీ అట్ట. అందంగా కనబడాలని స్టీరింగ్ భాగాల అతుకులను గ్రైండర్‌తో నున్నగా గీకేసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. గీకినకొద్దీ బలం పోతుంది. క్రోమ్ పూత పిచ్చి ఇంకా ప్రమాదం. పూత వేసేటప్పుడు గట్టి ఉక్కులోకి హైడ్రోజన్ చేరుతుంది, వెంటనే కొలిమిలో వేడి చేసి దాన్ని బయటకు పంపకపోతే ఆ భాగం పెళుసెక్కి ఏ సూచనా లేకుండా విరుగుతుంది. స్టీరింగ్ భాగాలకు రంగు వేయండి, చాలు. వీడియోల్లో నిప్పురవ్వలు చూపిస్తారు గానీ అట్ట కోయడం చూపించరు, అందుకే కొత్తవాళ్లందరూ యంత్రం దగ్గర మొదలుపెడుతున్నారు.

హాట్ రాడ్ పుట్టిన తీరే ఇది. 1930లలో కాలిఫోర్నియాలోని మ్యూరాక్ ఎండు సరస్సు మీద పందెం వేసిన కుర్రాళ్లకు ఇన్ని కేటలాగులు ఎక్కడివి? విక్ ఎడెల్‌బ్రాక్ అనే మెకానిక్ తన 1932 ఫోర్డ్ కోసం తనకు నచ్చినట్టు ఇన్‌టేక్ మానిఫోల్డ్ (ఇంజిన్‌కు గాలి, పెట్రోలు అందించే భాగం) చేయించుకున్నది 1938లో. దాన్ని చూసి మిగతావాళ్లు అడిగితే అది వ్యాపారమైంది. బిల్ బర్క్ అనే పందెగాడు 1946లో యుద్ధ విమానానికి తగిలించే పెట్రోలు ట్యాంకును కారు ఒళ్లుగా మార్చాడు. దొరికిన వస్తువును పక్కన పెట్టి చూసి, కుదురుతుందా అని ఆలోచించినవాళ్లు వీళ్లు. ఏ యంత్రం మంచిదన్నది వాళ్లకు రెండో ప్రశ్న.

ఆ రెండో ప్రశ్నకు నా జవాబు ఇది. 240 వోల్టుల మిగ్ యంత్రం (తీగ దానంతటదే ముందుకు వస్తూ కరిగే రకం) కొనండి, అతుకుకు గాలి తగలకుండా కాపాడే వాయువుగా 75 శాతం ఆర్గాన్, 25 శాతం కార్బన్ డయాక్సైడ్ మిశ్రమం వాడండి. మౌంట్లకూ బ్రాకెట్లకూ అంతకంటే అక్కరలేదు. అదే మందం తుక్కు పలకల మీద అతుకు వేసి, అడ్డంగా కోసి, కరుగు లోపలి దాకా దిగిందో లేదో చూసుకోండి. అది దిగేదాకా స్టీరింగు, బ్రేకుల జోలికి పోకండి, ఆ పని అర్హత ఉన్న వెల్డరుకు ఇవ్వండి. ఇంకొకటి, వెల్డింగుకు ముందు ఇనుము తుడవడానికి క్లోరిన్ కలిసిన బ్రేక్ క్లీనర్ ఎప్పుడూ వాడకండి, వెల్డింగ్ ఆర్క్ (కరెంటు మెరుపు) తగిలితే దాని నుంచి ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది. అసిటోన్‌తో తుడిచి, పూర్తిగా ఆరాక, ఆ డబ్బాను దూరంగా పెట్టి అప్పుడు వెల్డింగు మొదలుపెట్టండి.