కీళ్లవాతం మాత్రతో ఊపిరితిత్తులు దెబ్బతింటే కేసు నిలుస్తుందా?

ప్రశ్న: మాది బొబ్బిలి దగ్గర పల్లె. కీళ్లవాతం అని అమ్మను విశాఖలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చూపిస్తే, వారానికోసారి వేసుకోమని మెథోట్రెక్సేట్ రాశారు. నాలుగో నెలలో పొడిదగ్గు, ఆయాసం పట్టుకున్నాయి. రెండుసార్లు వెళ్లి చెప్పినా దగ్గు మందిచ్చి, అదే మాత్ర వాడమన్నారు. చివరికి వేరే ఆసుపత్రిలో స్కాన్ తీసి, మాత్ర వల్లే ఊపిరితిత్తులు వాచాయన్నారు. పది రోజులు ఆక్సిజన్ మీద ఉంది. ఇది జరిగి 14 నెలలైంది. కేసు వేయొచ్చా?

జవాబు: వేయొచ్చు. కానీ ‘మందు పడలేదు, కాబట్టి డాక్టరుదే తప్పు’ అని వేస్తే నిలవదు. ఈ జబ్బుకు సాధారణంగా మొదట రాసే మందు అదే. కొద్దిమందిలో ఊపిరితిత్తులకు వాపు తెస్తుంది. పైగా కీళ్లవాతమే ఊపిరితిత్తులను పాడుచేయగలదు. అవతలి వకీలు మొదట ఎత్తుకునే మాట ఇదే. దానికి జవాబుగా, మాత్ర వల్లే అని చెప్పిన రెండో డాక్టరు చేత ఆ మాట కాగితం మీద రాయించుకోండి.

ముందే చెప్పలేదన్న వాదన కూడా ఉంది. 2008లో సమీరా కోహ్లీ కేసులో, తగినంత సమాచారం ఇచ్చాకే రోగి సమ్మతి తీసుకోవాలని సుప్రీంకోర్టు అంది. అయితే అరుదైన ప్రమాదాలన్నీ ఏకరువు పెట్టనక్కర్లేదని కూడా అదే తీర్పులో ఉంది. అందుకే నేనైతే దీని మీద ఎక్కువ ఆశ పెట్టుకోను. మీ కేసు బలమంతా మీరు దగ్గు, ఆయాసం అని చెప్పిన ఆ రెండు రోజుల్లో ఉంది. ఈ మాత్ర వాడే మనిషి అలా చెబితే మాత్ర ఆపి, ఎక్స్‌రే తీయించాలి.

విశాఖ తిరగనక్కర్లేదు. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం అమ్మగారి పేరుతో విజయనగరం జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయొచ్చు. ఆసుపత్రికి కట్టింది 5 లక్షల లోపైతే ఫీజు లేదు. చూసేది కట్టిన డబ్బునే, అడిగే పరిహారాన్ని కాదు. గడువు రెండేళ్లు, అంటే మీకు పది నెలలే మిగిలాయి. రాజీ కబుర్లతో ఇవి కరిగిపోనివ్వకండి. మహిళ కాబట్టి, ఆదాయం ఎంతున్నా, జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఆమెకు ఉచితంగా వకీలును ఇస్తుంది. పోలీసు కేసు జోలికి మాత్రం వెళ్లొద్దు. 2005లో జాకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత ఘోరమైన నిర్లక్ష్యం ఉంటేనే అది నడుస్తుంది.

అమ్మగారు బెడ్ మీదున్న ఆసుపత్రిని కేసు షీటు (వైద్యం వివరాలు రాసిన కాగితాలు) రాతపూర్వకంగా అడగండి. 72 గంటల్లో ఇవ్వాలి. మొదటి ఆసుపత్రి ఓపీ చీటీలు మీ దగ్గరే ఉండాలి. వాటిలో ‘దగ్గు’ అన్న మాట ఉందో లేదో ఈ రాత్రే చూడండి. లేకపోతే దగ్గు మందు కొన్న మెడికల్ షాపు బిల్లు వెతకండి, తేదీ దాని మీదే ఉంటుంది. బిల్లు కూడా పారేసి ఉంటే, డబ్బులు ఫోన్‌పేలో కొట్టారేమో చూసుకోండి.