ఆరో నెలలో నీరు పోతుంటే ‘వేడి చేసింది’ అనుకుంటారా?

ప్రశ్న: మాది ఉదయగిరి దగ్గర పల్లె. మా బాబు ఏడో నెలలోనే పుట్టాడు. నెల్లూరులో రెండు నెలలు ఆక్సిజన్ మీద ఉంచారు. ఇప్పుడు రెండేళ్లు. జలుబు చేస్తే చాలు, పిల్లికూతలు వస్తాయి. ఆక్సిజన్ ఎక్కువ పెట్టడం వల్లే ఊపిరితిత్తులు చెడిపోయాయా? ఏ టానిక్ వాడాలి? నా భార్యకు మళ్లీ ఆరో నెల. వారం నుంచి కొద్దికొద్దిగా నీరు పోతోంది, సాయంత్రాలు ఒళ్లు వెచ్చబడుతోంది. వేడి చేసిందని సబ్జా నీళ్లు ఇస్తున్నాం. మెడికల్ షాపు మాత్ర వేస్తే తగ్గుతోంది.

– ఒక పాఠకుడు

జవాబు: టానిక్ సంగతి తర్వాత. మీరు చివర్లో మాటవరసకు రాసిందే నాకు టెన్షన్ పెడుతోంది. ఇది చదవగానే ఆమెను ఆసుపత్రికి తీసుకెళ్లండి. అదీ నెలలు నిండని బిడ్డలకు ఐసీయూ ఉన్న చోటికి. మీ దగ్గర్నుంచి నెల్లూరు ప్రయాణం తక్కువేం కాదు, నొప్పులు మొదలయ్యాక బయలుదేరితే లాభం లేదు.

చూడకుండా ఇదీ అని చెప్పలేను. తెల్లబట్ట కావచ్చు, మూత్రం కావచ్చు. కానీ అది ఉమ్మనీరై, దానికి జ్వరం తోడైతే ఉమ్మనీటి సంచికి ఇన్ఫెక్షన్ సోకిందేమోనని అనుమానించాలి. ఆ ఇన్ఫెక్షన్ ప్రభావం తల్లితో ఆగదు. నెలలు నిండకుండానే కాన్పు తెస్తుంది, బిడ్డ ఊపిరితిత్తుల్లో గాలి గదులు ఏర్పడడాన్నీ దెబ్బతీయవచ్చు. ఇలాంటి బిడ్డల్లో కొందరు మొదటి రోజుల్లో బాగానే ఊపిరి తీసుకుంటారు, తర్వాత వారాల తరబడి ఆక్సిజన్ వదలలేరు.

ఇక ఆ మాత్ర. షాపుల్లో ‘జ్వరానికీ నొప్పులకూ’ అని ఇచ్చేవాటిలో పారాసిటమాల్‌తో పాటు చాలాసార్లు డైక్లోఫినాక్ కూడా ఉంటుంది. 20 వారాలు దాటాక డాక్టర్ చెప్పకుండా అది వాడకూడదు, ఉమ్మనీరు తగ్గిపోవచ్చు. పైగా జ్వరం కనబడకుండా పోతుంది, ఇన్ఫెక్షన్ మాత్రం లోపల అలాగే ఉంటుంది. వారం రోజులు మీకు ధైర్యం ఇచ్చింది ఆ మాత్రే! ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్ కూడా వేయొద్దు. ఉమ్మనీరు పోతున్నప్పుడు అమాక్సిసిలిన్-క్లావులనేట్ ఇస్తే బిడ్డకు ప్రమాదకరమైన పేగు జబ్బు ముప్పు పెరుగుతుందని 2001లోనే తేలింది. మాత్రల షీటు, మొదటి కాన్పు కాగితాలు వెంట తీసుకెళ్లండి. నెలలు నిండకముందే కాన్పయ్యేలా ఉంటే, 24 నుంచి 34 వారాల మధ్య తల్లికి స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇస్తారు. డెక్సామెథసోన్ అయితే 12 గంటలకొకటి, మొత్తం నాలుగు. స్టెరాయిడ్ అనగానే వద్దనకండి, బిడ్డ ఊపిరితిత్తులు గట్టిపడేది వాటితోనే. ఎప్పుడు ఇవ్వాలన్నది అక్కడి డాక్టర్ల నిర్ణయం.

బాబు విషయం. ఎక్కువ ఆక్సిజన్, వెంటిలేటర్ ఒత్తిడి ఊపిరితిత్తులను కొంత దెబ్బతీసే మాట నిజమే. కానీ అది పెట్టకపోతే బిడ్డ దక్కేవాడు కాదేమో. చివరి నెలసరి నుంచి లెక్కేస్తే 36 వారాలు వచ్చినా ఆక్సిజన్ కావాల్సి వస్తే దాన్ని దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు అంటాం. దానికి టానిక్ లేదు. పుట్టాక కూడా కొత్త గాలి గదులు ఏర్పడతాయి కాబట్టి చాలామంది మెరుగవుతారు. స్నానం కాగానే సాంబ్రాణి పొగ పట్టడం మానేయండి, దోమల చుట్టలు, బీడీ పొగ కూడా. టీకాలు ఒక్కటీ తప్పించకండి. పిల్లికూతలకు పిల్లల డాక్టర్ పరీక్షించి అవసరమైతే ఇన్హేలర్ రాస్తారు. డొక్కలు ఎగరేస్తున్నా, పెదాలు నీలంగా మారినా సిరప్ కోసం షాపుకు పరుగెత్తకండి, 108కి ఫోన్ చేయండి.