తుమ్మ బెరడు కషాయంతో ఛాతీ ఇన్ఫెక్షన్ తగ్గుతుందా?

ప్రశ్న: మా అమ్మకు 62 ఏళ్లు, షుగర్ ఉంది. 12 రోజులుగా దగ్గు, పచ్చగా కఫం పడుతోంది. ఛాతీలో ఇన్ఫెక్షన్ అని డాక్టర్ ఐదు రోజులకు యాంటీబయాటిక్ రాశారు. కడుపులో మంటగా ఉందని రెండు రోజులకే మానేసింది. ఇప్పుడు పొద్దున, రాత్రి గ్లాసుడు నల్లతుమ్మ బెరడు కషాయం తాగుతోంది. ఈ బెరడు న్యుమోనియా క్రిములను చంపుతుందని పరిశోధనలో తేలినట్టు వాట్సాప్‌లో వచ్చింది. నిజమేనా? – ఓ పాఠకురాలు, నల్గొండ

సలహా: ఆ మెసేజ్ పూర్తిగా అబద్ధం కాదు, చిక్కంతా అక్కడే. నల్లతుమ్మ బెరడులో టానిన్లు అనే వగరు పదార్థాలు బాగా ఉంటాయి. ల్యాబ్‌లో గాజు పళ్లెంలో పెంచిన బ్యాక్టీరియా మీద ఈ బెరడు సారం వేస్తే, స్టెఫైలోకాకస్ వంటివి కొన్ని పెరగకుండా ఆగిపోతాయి. ఇలాంటి ప్రయోగాలు మన దేశంలోనూ, ఆఫ్రికా దేశాల్లోనూ చాలానే జరిగాయి.

అయితే పళ్లెంలో సారం నేరుగా క్రిమి మీదే పడుతుంది. మీ అమ్మగారు తాగిన కషాయం పొట్టలోకి పోతుంది. టానిన్లు ప్రొటీన్ కనబడితే చాలు, పట్టుకుని వదలవు. తోళ్లు పదును చేయడానికి తుమ్మ బెరడు వాడేది ఈ గుణం కోసమే. కషాయం నోట్లో పోసుకోగానే వగరుగా, నాలుక పట్టేసినట్టు ఉండేదీ ఉమ్మిలోని ప్రొటీన్లను ఇవి పట్టేయడం వల్లే. మిగిలినవి పేగుల్లో తిండితో కలిసిపోతాయి. పెద్ద అణువులు కాబట్టి రక్తంలోకి చేరేది బహు తక్కువ. రక్తంలోకే రానిది ఊపిరితిత్తులకు ఎలా అందుతుంది? పైగా ఆ ప్రయోగాల్లో సారం మోతాదు సాధారణంగా మిల్లీలీటరుకు మిల్లీగ్రాముల్లో ఉంటుంది. యాంటీబయాటిక్ అందులో వెయ్యో వంతు లెక్కలో, మైక్రోగ్రాముల్లోనే పనిచేస్తుంది.

బెరడంటే నాకు చిన్నచూపు లేదు. మలేరియాకు వాడే క్వినైన్ సింకోనా బెరడు నుంచి వచ్చిందే. కానీ 1820లో ఆ మందును విడదీశాకే కచ్చితంగా కొలిచి ఇవ్వడం కుదిరింది.

గొంతు గరగరగా ఉంటే గోరువెచ్చని కషాయంతో పుక్కిలించి ఉమ్మేయమనండి, తప్పులేదు. గ్లాసులకు గ్లాసులు తాగితే మాత్రం మలబద్ధకం వస్తుంది, ఐరన్ మాత్రలు వేసుకుంటుంటే అవి సరిగా ఒంటబట్టవు.

ఆపేసిన యాంటీబయాటిక్‌ను మీ అంతట మీరు మళ్లీ మొదలుపెట్టకండి. రాసిన డాక్టర్‌కే మంట సంగతి చెప్పండి. మందు మారుస్తారు, లేదా తిన్నాక వేసుకోమంటారు. కఫం పచ్చగా ఉన్నంత మాత్రాన బ్యాక్టీరియా అని కాదు, వైరస్ వల్ల వచ్చే దగ్గులోనూ అలా పడుతుంది. అందుకే ఛాతీ పరీక్ష చేయించాలి, అవసరమైతే ఎక్స్‌రే తీయించాలి. ఒకటి రెండు రోజుల్లోనే వెళ్లండి. ఆయాసం, చలిజ్వరం, ఛాతీలో పొడిచినట్టు నొప్పి, కఫంలో రక్తం, మాట తికమకగా ఉండటం, రక్తంలో ఆక్సిజన్ 94 శాతం కంటే తగ్గడం, వీటిలో ఏది కనిపించినా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

దగ్గు రెండు వారాలు దాటితే టీబీకి కఫం పరీక్ష తప్పనిసరి. షుగర్ ఉన్నవాళ్లకు ఆ ముప్పు ఎక్కువ. ప్రభుత్వ ఆసుపత్రుల్లో పరీక్ష, మందులు రెండూ ఉచితమే.

అన్నట్టు, వగరు తగ్గడానికి కషాయంలో బెల్లమో తేనో కలుపుతున్నారా? ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు షుగర్ ఎలాగూ పెరుగుతుంది. డాక్టర్ దగ్గరకు వెళ్లినప్పుడు షుగర్ కూడా పరీక్ష చేయించండి.